ఇడువంటే ఏ దిక్కు

1943 ఫిబ్రవరి 3, బుధవారం. వనపర్తి.

ఇంజను వచ్చింది. ఖిల్లా ఘణపూర్ నుంచి ఎడ్లబండిలో గడ్డి పరిచి, బాలింతను తెచ్చినంత భద్రంగా తెచ్చారు. తీరా దించేటప్పుడు బండివాడు ముట్టుకోనని మొండికేశాడు. మనిషిని తిన్న ఇంజనట! తిట్టి పక్కకు నెట్టి నేనూ, నా కొట్లో లేత్ పని చేసే సాబిరూ దించుకున్నాం. నడుము పట్టేసింది. ఇనుము మనుషుల్ని తింటుందా?

తిన్నది పట్టా. ఇంజను నుంచి పిండి గిర్నికి పోయే తోలు పట్టా. దసరా ముందు మా చెల్లెలి మొగుడు తిరుపతయ్య భుజం మీది తువ్వాలను అది పట్టుకుంది. తువ్వాలతో పాటు మా బావను గుంజుకుంది. ఆ ఇంజన్లో ఉన్న లోపం ఒక్కటే. పట్టాను ఆపాలంటే ఇంజనే ఆగాలి, వేరే దారి లేదు. నడుమ ఒక క్లచ్ ఉంటే, ఒక పిడి గుంజితే చాలు, ఇంజను దాని పాటికది తిరుగుతుంటుంది, పట్టా నిలిచిపోతుంది.

ఆ క్లచ్ నేను పెడతాను. ఖిల్లా ఘణపూర్‌లో మా చెల్లె జములమ్మ గిర్ని మళ్లీ ఆడాలి. జములమ్మ మళ్లీ మనిషి కావాలి. ఇది పనిముట్ల సంగతి, దయ్యాల సంగతి కాదు.

ఫిబ్రవరి 5, శుక్రవారం

ఇంజను ఇంట్లోకి వచ్చిందని తెలిసినా చెల్లె చూడడానికి రాలేదు. లోపలి గదిలో గోడకు ఆనుకొని కూర్చుంది. కుడిచేతిని కొంగులో చుట్టి ముడివేసుకుంటుంది. ఆ చేత్తో తినదు, నీళ్లు ముంచుకోదు, తలుపు గొళ్లెం కూడా తీయదు. పుష్పమ్మే కలిపి తినిపిస్తుంది. నా భార్య ఓపిక నాకు లేదు. నేనైతే ఆ ముడి విప్పి పారేసేవాణ్ణి.

నోటి వెంట ఒక్క మాట తప్ప రాదు. "ఇడిసిన."

ఆనాడు గిర్నిలో బావ దగ్గర ఉన్నది ఆమె ఒక్కతే. చెయ్యి పట్టుకొని ఉంటుంది. పట్టా బలం ముందు ఆడమనిషి బలం ఎంత? ఇడిసి ఉంటుంది. ఇది మా అందరికీ అర్థమైన సంగతే. పుష్పమ్మ ముద్ద పెడుతూ రోజూ చెబుతుంది: "నువ్వేం ఇడువలె తల్లీ. అదే గుంజుకపోయింది." చెల్లె తల అడ్డంగా ఊపుతుంది. "ఇడిసిన వదినా."

బావ తల్లి ఎంకమ్మత్త కూడా మా ఇంట్లోనే ఉంది. ఈవేళ మళ్లీ మొదలుపెట్టింది. "పిల్లకు గాలి పట్టింది శంకరయ్యా. గద్వాల పోదాం. ఆ తల్లి పేరే పెట్టుకుంటిమి గదా, జములమ్మ తల్లే ఇడిపిస్తది."

"ఇంజను పని కానీ అత్తా" అన్నాను.

"నీ ఇంజను పాడుగాను" అంది.

ఫిబ్రవరి 8, సోమవారం

క్లచ్ దొరికింది. నాగర్‌కర్నూలు దారిలో మూలబడిన సర్వీసు మోటారు బస్సుది. గిన్నెలో గిన్నె కూర్చున్నట్టుంటుంది. లోపలి గిన్నెకు తోలు తొడుగు. ముందుకు నూకితే రెండూ పట్టుకొని కలిసి తిరుగుతాయి, వెనక్కి గుంజితే ఇడుస్తాయి. తోలు మాత్రం ఎలుకలు కొరికాయి.

పెద్ద చిక్కు అది కాదు. ఇంజను పొట్టలోంచి బయటికి వచ్చిన షాఫ్టు నాలుగు వేళ్ల పొడవు కూడా లేదు. పట్టా చక్రం ఎక్కేంత వరకే ఇచ్చాడు చేసినవాడు. క్లచ్ కూర్చోవాలంటే జానెడు పైనే కావాలి.

సాబిర్ వంగి చూసి, "శంకరన్నా, ఇది షాఫ్టు గాదు, మొండి చెయ్యి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అలాంటి మాటలు నా కొట్లో వద్దని అరిచాను. అతను తన లేత్ మిషను దగ్గరికి పోయి పాత ఆకురాయి ఒకటి వెతకసాగాడు. కాసేపటికి చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు. మంచివాడే. నోరే జర తిన్నగా ఉండదు.

ఫిబ్రవరి 9

మిట్టమధ్యాహ్నం ఇంజను ఆడిన చప్పుడు. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. పక్క వీధిలో ఎవరో కారం దంచుతున్నారు. అంతే.

ఫిబ్రవరి 14, ఆదివారం

పాత లారీ ఇరుసు ముక్కతో సాబిర్ టోపీలాంటి తొడుగు తీశాడు. తొడుగు మొండి షాఫ్టు మీద ఎక్కుతుంది, దాని రెండో కొస క్లచ్‌కు పనికొస్తుంది. నడుమ ఇనుప చీల కొట్టి బిగించాం. చేతితో తిప్పితే చక్కగానే తిరిగింది. నాకు గర్వం వచ్చింది. గర్వం వచ్చినప్పుడల్లా నాకు శాస్తి జరుగుతుంది.

ఇంజను అందుకోగానే కొస వణికింది. పొట్టి షాఫ్టు మీద పొడుగు బరువు, ఎందుకు నిలుస్తుంది? చీల పుటుక్కున తెగింది. తొడుగు ఎగిరి నా చెవి పక్కగా పోయి గోడకు తగిలింది. "ఆపు! ఆపు!" అని అరిచాను. సాబిర్ ఇంజనుకు నూనె పోసే పిడి మూసేశాడు.

వెనక్కి తిరిగితే గడపలో జములమ్మ నిలబడి ఉంది. ఇన్నాళ్లలో కొట్టు వైపు రావడం అదే మొదలు.

"ఏమన్నవన్నా?"

"ఆపుమన్న."

"ఆపుమనే అన్నవా?"

"మరేమంట?"

నన్ను చూసి, సాబిర్‌ను చూసి, మళ్లీ లోపలికి పోయింది. కొంగులోని చెయ్యిని రెండో చేత్తో గట్టిగా పట్టుకొని పోయింది.

మాట్లాడింది. ఆ ఒక్క మాట కాక వేరే మాట మాట్లాడింది. మంచి గుర్తు. పుష్పమ్మతో చెబితే ఎందుకో సంతోషపడలేదు.

ఫిబ్రవరి 19, శుక్రవారం

మొండి షాఫ్టును ఇక నమ్ముకోను. ఇంజను పక్కనున్న బరువు చక్రం ముఖానికే గుండ్రని ఇనుప పళ్లెం బిగిస్తాం. పళ్లెం నడుమలోంచి కొత్త షాఫ్టు బయటికి వస్తుంది. దాని కొసను వేరే దిమ్మె మీద బేరింగు మోస్తుంది. అప్పుడు వణికే దారి లేదు. ఈ సంగతి మొదటి రోజే తట్టాల్సింది. బుర్రలో ఏముందో నాకు.

పళ్లెం నడుమ తప్పితే మొత్తం తప్పుతుంది. తిరుగుతున్నప్పుడు సుద్దముక్క దగ్గర పెట్టాలి. ఎత్తు ఉన్నచోట సుద్ద అంటుతుంది. అక్కడ విప్పి సర్ది మళ్లీ తిప్పాలి. రోజంతా అదే పని. సాయంత్రానికి సుద్ద చుట్టూరా ఒక్కతీరుగా అంటింది. సాబిర్ నా వీపు మీద ఒక్కటి చరిచి, "సుబానల్లా! పెండ్లిపిల్ల బొట్టు దిద్దినట్టు దిద్దినవు" అన్నాడు. నవ్వాను. బావ పోయాక నవ్వానా? గుర్తు లేదు.

ఫిబ్రవరి 24, బుధవారం

చెప్పులు కుట్టే బక్కయ్య మంచి తోలు కోసి ఇచ్చాడు. క్లచ్ గిన్నెకు తొడిగాం. నూకితే పట్టింది. గుంజితే రాదు! పిడి పట్టుకొని సాబిర్ వేలాడాడు. లాభం లేదు. ఆ కోపంలో గొంతు చించుకున్నాడు: "పట్టిందన్నా! పట్టింది, ఇడుస్తలేదు!"

అరుగు మీద ఎంకమ్మత్త ఆ మాట విన్నది. ఇంకేముంది, జములమ్మ మీదికి గాలి మళ్లీ వచ్చిందనుకొని చెంబు కింద పడేసి, వేపమండలు తెంపుకొని, "అమ్మా తల్లీ ఇడువవే!" అని లోపలికి ఉరికింది. పాపం జములమ్మ పడుకొని ఉంది. ముఖం మీద వేపాకులతో కొడితే లేచి కూర్చుంది. పుష్పమ్మ వచ్చి మా ఇద్దర్నీ చెడామడా తిట్టింది. "మీ మిషను మాటలు జర మెల్లగ మాట్లాడుకోండి. ఇంట్ల పిల్ల సంగతి తెల్వదా?"

నిజమే. మా మాటలూ వాళ్ల మాటలూ ఒక్కటే. పట్టుడు, ఇడువుడు. దానికి నేనేం చెయ్యను, క్లచ్‌కు వేరే మాట మన దగ్గర లేదు.

తోలును ఆముదంలో నానబెట్టమన్నాడు బక్కయ్య. పొడితోలుకు పట్టు ఎక్కువట.

ఫిబ్రవరి 26, శుక్రవారం

అయింది.

ఆముదం తాగిన తోలు మెత్తగా పడుతుంది, మెత్తగా ఇడుస్తుంది. ఇంజను ఆడుతూనే ఉంది. పిడి గుంజాను. పట్టా నిలిచింది. నిలిచిన పట్టా మీద అరచెయ్యి ఆనించాను. ఇంజను పక్కనే దుడదుడమంటుంటే నా చెయ్యి పట్టా మీద ఉంది, ఏమీ కాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబద్ధం ఎందుకు, ఏడ్చాను.

జములమ్మను పిలుచుకొచ్చాను. పుష్పమ్మ వద్దంది. నేను వినలేదు. ఇక భయం లేదని ఆమె కళ్లతో ఆమె చూడాలి. దగ్గర నిలబెట్టి చెప్పాను: "ఇదిగో జములా, ముందుకు నూకితే పట్టుడు. ఇట్ల ఎనకకు గుంజితే ఇడువుడు. గంతే."

ఆమె పిడిని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇడువంటే ఏ దిక్కన్నా?"

"ఎనకకు."

"నూనె పిడికి?"

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉన్నాను. సాబిర్ ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో చెప్పింది. ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్నదంతా, నా ముఖం చూడకుండా, ఇంజన్నే చూస్తూ చెప్పింది.

"ఆయన గిర్నిరాయి కాడ ఉంటుండె. నేను నూనె పిడి కాడ ఉంటుంటి. జొన్నలు పోసి ఇడువు అంటుండె, ఇంజను జోరందుకునేటట్టు నేను నూనె ఇడుస్తుంటి. రోజూ గట్లనే గదా. ఆ పొద్దు కూసిండు. ఇడువు, ఇడువు అని కూసిండు. పట్టాను అన్నడో, నన్ను అన్నడో, దేవున్ని అన్నడో. నాకు పిడే యాదికొచ్చింది. ఇడిసిన. ఉన్నదంతా ఇడిసిన."

సాబిర్ బయటికి పోయాడు.

"అప్పటికి ఇంజను గుక్కపట్టింది అన్నా. ఆగబోతుండె. నేను ఇడిసినంక మల్ల అందుకున్నది."

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఇంజను సంగతి నీకు తెలుసు. చెప్పు. నేను ఇడువకుంటే ఆగుతుండెనా?"

"చూసి చెప్త" అన్నాను.

చెయ్యి పట్టుకొని ఇడిసిందని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఇంజన్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, రోజుకు పదిసార్లు నూనె ఇడువు అనేవాణ్ణి, నాకు ఆ మాట అలా వినిపించలేదు. వినిపించనియ్యలేదు.

ఫిబ్రవరి 27, శనివారం

సాబిర్‌కు సెలవు ఇచ్చాను. పుష్పమ్మను కొట్టులోకి రావద్దన్నాను.

ఇంజను వేగం చూసుకునే రెండు ఇనుప గుండ్లు ఉంటాయి. బరువు పడితే ఆ గుండ్లు కిందికి దిగి, ఇంజను తనంతట తానే నూనె ఎక్కువ తాగేటట్టు చేస్తాయి. ఆ గుండ్లు కదలకుండా సన్నతీగతో కట్టేసి ఉన్నాయి. గ్రీజు కింద ఉంది, ఇన్నాళ్లూ కనబడలేదు. ఆ మెలిక నాకు తెలుసు, బావ మెలిక. యుద్ధం వచ్చాక గాసునూనె దొరకడం లేదు గదా. ఇంజను ఇష్టం వచ్చినట్టు తాగొద్దని కట్టాడు. కడితే చేతి పిడి ఎంత ఇడిస్తే అంతే తాగుతుంది.

తీగ అలాగే ఉంచాను. నూనె పిడి సగానికి పెట్టి ఇంజను నడిపాను. తుమ్మ దుంగ ఒకటి తెచ్చి పట్టా చక్రం మీద నొక్కాను. మనిషి బరువంత.

గుక్కపట్టింది. ఇంకొంచెం నొక్కాను.

ఆగింది.

మళ్లీ నడిపాను. మళ్లీ నొక్కాను. గుక్కపట్టగానే ఈసారి పిడి మొత్తం ఇడిశాను. అందుకున్నది. ఎంత నొక్కినా ఆగలేదు. దుంగ నుంచి పొగ వచ్చింది. కాలిన వాసన వచ్చింది.

దుంగను బయట పారేసి వచ్చి కూర్చున్నాను. తీగ బావది. పిడి చెల్లెది. మాట ఇద్దరిదీ. బావే కట్టాడని చెబితే ఆమె చెయ్యి ఆమెకు తిరిగి వస్తుందా? చచ్చినవాడి మీద నెపం పెట్టుకొని బతుకుతుందా? జములమ్మ సంగతి నాకు తెలియదా. బతకదు.

ఫిబ్రవరి 28, ఆదివారం

పొద్దున్నే పట్టకారుతో తీగ తెంపేశాను. గుండ్లు కదిలాయి.

తర్వాత జములమ్మను పిలిచాను. దుంగ కొత్తది. పిడి సగానికి పెట్టి, ముట్టవద్దన్నాను. ఇంజను నడిపి దుంగ నొక్కాను. గుక్కపట్టింది. గుండ్లు దిగాయి. ఎవరూ పిడి ముట్టలేదు. ఇంజను తనంతట తానే అందుకున్నది. దుంగ పొగలు కక్కింది.

"చూసినవా?" అన్నాను. "పిడి ఎవరన్నా ముట్టిన్రా? ఇది గట్లనే చేస్తది. దాని గుణమే అది. నువ్వు ఇడిసినా అంతే, ఇడువకున్నా అంతే."

"మల్ల నొక్కు."

నొక్కాను.

"మల్ల."

ఆమె అడిగినన్నిసార్లు నొక్కాను. చేతులు బొబ్బలెక్కాయి. చివరికి ఆమె ఇంజను ముందు కూలబడి బావ పేరు పెట్టి ఏడ్చింది. మొగుడు పోయిన ఆడమనిషి ఏడవాల్సినట్టు ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆ ఏడుపు రాలేదు. ఎంకమ్మత్త ఉరికొచ్చి కోడల్ని పొదివి పట్టుకొని తానూ మొదలుపెట్టింది. పుష్పమ్మ కొంగు ముడి విప్పి ఆ చెయ్యిని వేడినీళ్లతో కడిగింది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి.

సాయంత్రం సాబిర్ వచ్చి ఇంజను దగ్గర వంగి చూశాడు. అతని కళ్లకు అన్నీ కనబడతాయి.

"శంకరన్నా, ఈడ తీగ ఉన్నట్టుండె?"

"ఏ తీగ?"

నా ముఖం చూశాడు. "ఏం లేదు. యాదిమరిచిన" అన్నాడు.

మార్చి 2, మంగళవారం

చెల్లె తన చేత్తో తాను తిన్నది. రొట్టె గట్టిగా ఉందని వదినను ఎగతాళి చేసింది.

మార్చి 3

నాకు ఆకలి లేదు. ఎండలు ముదిరాయి.

మార్చి 8, సోమవారం

మధ్యాహ్నం మళ్లీ ఆ చప్పుడు. కారం దంచేవాళ్లు ఊళ్లో లేరని పుష్పమ్మ చెప్పింది. ఇప్పుడు ఇంజను ఆడిన చప్పుడు కాదు. ఆగబోయే చప్పుడు. గుక్కపడుతుంది, ఆగబోతుంది, ఇక ఆగుతుంది అనుకుంటాను, మళ్లీ అందుకుంటుంది. ఆగితే బాగుండు. ఒక్కసారి ఆగితే నా పని నేను చూసుకుంటాను.

చెవిలో గుబిలి ఉంటుంది. ఆముదం చుక్క వేయించుకోవాలి.

గుండ్లకు తీగ లేకపోతే ఇంజను ఆగదు. ఇది అబద్ధం కాదు. నేను చూపించినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఇంజనే చూపించింది, నేను దుంగ నొక్కాను, అంతే.

మార్చి 14, ఆదివారం. ఖిల్లా ఘణపూర్.

గిర్ని మొదలైంది. నేనూ సాబిరూ నిన్ననే వచ్చి దిమ్మెలు కట్టి, ఇంజను కూర్చోబెట్టి, క్లచ్ సరిచూసుకున్నాం. పొద్దున్నే ఆడవాళ్లు జొన్న గంపలతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. లోపలికి రావడానికి ముందు భయపడ్డారు. జములమ్మ బయటికి పోయి, "ఏందే, గాడ నిలవడ్డరు? పిండి ఇంటికి నడిసి వస్తదనుకున్నరా?" అని గదిమింది. అందరూ నవ్వుకుంటూ వచ్చారు. ఎంకమ్మత్త కొబ్బరికాయ కొట్టింది. చెల్లె కొంగు నడుముకు దోపి, పట్టాకు తగలకుండా జుట్టు గట్టిగా ముడివేసి, క్లచ్ పిడి దగ్గర నిలబడింది. పిడి మీద కుడిచెయ్యి.

నేను నూనె పిడి దగ్గర ఉన్నాను.

పిడి దాదాపు మూసే ఉంది, అంత మూస్తే గుండ్లు దిగినా నూనె అందదు; ఇంజను సన్నగా ఆడుతోంది. ఆమె జొన్నలు పోయించింది. పిడి నూకింది. తోలు మెత్తగా పట్టింది, పట్టా కదిలింది, రాయి తిరిగింది. ఇంజను మీద బరువు పడింది. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, బావ ఎప్పుడూ పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది.

"అన్నా, ఇడువు!"

నా చెయ్యి పిడి మీదే ఉంది. లేవలేదు. ఎంత అనుకున్నా లేవలేదు. ఇంజను గుక్కపట్టింది.

"ఇడువన్నా! నిద్రబోతున్నవా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే వచ్చింది. నా వేళ్లు ఒక్కొక్కటీ పిడి మీది నుంచి తీసి, తన చేత్తో తానే నూనె ఇడిసింది. గిర్ని అందుకున్నది. పిండి పడింది. ఆమె పిండి కొంచెం చేతిలోకి తీసుకొని వేళ్ల మధ్య రాసి చూసి, నా ముఖంలోకి చూసింది.

"ఏమైందన్నా, గట్ల చెమటలు పోస్తున్నయి?"

"ఉక్క" అన్నాను.

నాకేమీ కాలేదు. చెల్లె బాగుంది, అది చాలు. రేపటి నుంచి ఆ పిడి దగ్గర సాబిర్ నిలబడతాడు. నాకు వనపర్తిలో పని చాలా ఉంది.